శనివారం నాడు దోసెడు నువ్వులు

మా ఆఫీసు మెట్లెక్కగానే ఎదురు గోడ మీద ఒక ఫోటో ఉండేది. నేను రిటైరయిన రోజున కూడా అక్కడే ఉంది. బహుశా ఇప్పుడూ ఉండే ఉంటుంది; సర్కారు ఆఫీసులో గోడకెక్కిన వస్తువు గోడతో పాటే దిగాలి. అందులో ఒక పెద్ద అధికారి రెండు చేతులూ దోసిలి పట్టి నుంచుని ఉంటాడు. ఒక రైతు ఆవిడ ఆ దోసిట్లో నల్ల నువ్వులు పోస్తూ ఉంటుంది. ఇద్దరూ నవ్వుతూ ఉంటారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఆ ఫోటో ముందు ఆగి, "ఎంత సహజంగా ఉందో కదా మేడమ్" అనేవారు. ఆయన నవ్వు సహజమైనదే. ఆవిడ నవ్వు సంగతే వాళ్ళకెవరూ చెప్పలేదు. ఆ ఫోటోలో నేను పడలేదు గానీ, పక్కనే చాట పట్టుకుని నుంచున్నాను. అందుకని చెప్పే పని నా మీద పడింది.

మీరంతా డిగ్రీలతో వస్తున్నారు. నేను బడి మొహం చూడకుండా వచ్చినదాన్ని. మా అబ్బా ఆటోనగర్‌లో లారీల వెనక అక్షరాలు రాసేవారు. డబ్బాలో మిగిలిన రంగుతో రేకు ముక్కల మీద నాకు అ ఆలు దిద్దించింది ఆయనే. ఖురాన్ అమ్మీ చదివించింది. తర్వాత పరీక్షలు ప్రైవేటుగా కట్టాను. అల్లా నాకు బడి ఇవ్వలేదు గానీ ఇద్దరు మేష్టర్లను ఇంట్లోనే పెట్టాడు. నమాజుకు కూర్చున్నప్పుడల్లా ఆ సంగతి తలుచుకుంటాను. నా అక్షరం ఇప్పటికీ లారీ వెనక రాసినంత ఉంటుంది. ఆఫీసులో దాన్ని చూసి నవ్వేవాళ్ళు. నవ్వనీ. అక్కడ రాసినవాటిలో చదివితే అర్థమయ్యేది అదొక్కటే.

నా ఉద్యోగం పోషకాహార ప్రచారం. ఒక వ్యాను, ఒక గ్యాసు పొయ్యి, నాలుగు గిన్నెలు, ఒక మైకు. ఊళ్ళకు పోయి, వంట చేసి చూపించి, ఏది తింటే ఒంటికి ఏం పడుతుందో చెప్పి రావడం. ఏం చెప్పాలన్నది మాత్రం పైనుంచి వచ్చేది. ఒక ఏడు రాగులన్నారు. ఇంకో ఏడు మునగాకు అన్నారు. మునగాకు గురించి చెప్పడం అలవాటయ్యేసరికి అది మానేయమన్నారు. ఆ ఏడు కొత్తగా వచ్చిన పెద్దసారు, అంటే మా జిల్లా మొత్తానికీ పై అధికారి, నువ్వులన్నారు. వరి కోసిన మెరక చేలల్లో నువ్వు వేయించాలి, ఆ నువ్వులతో ఆడపిల్లలకు చిమ్మిలి తినిపించాలి. ఆలోచన మంచిదే, కాదనను. మంచి ఆలోచనలన్నీ మా ఆఫీసు దాకా బాగానే వస్తాయి. అక్కడినుంచి బయటికి పోవడమే కష్టం.

హనుమాన్ జంక్షన్ దాటాక లోపలికి ఒక ఊరు. అక్కడ బడి వరండాలో నన్ను చిమ్మిలి చేసి చూపించమన్నారు. వాళ్ళ ఇళ్ళలో ఆడపిల్ల పెద్దమనిషయితే ముందు చేసేది చిమ్మిలే. బాలింతకు పెట్టేదీ అదే. అలాంటివాళ్ళ ముందు నేను రోలు పెట్టుకుని కూర్చుని, నువ్వులు దోరగా వేయించి బెల్లం వేసి దంచాలి. చేపపిల్లకు ఈత నేర్పడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. అయినా జీతం తీసుకుంటున్నాను గనుక చెప్పాను. పొట్టు తీయని నల్ల నువ్వుల్లో పాలకంటే ఎక్కువ కాల్షియం ఉంటుందని, పొట్టు తీస్తే అందులో చాలాభాగం పోతుందని, ఇనుము ఉంటుందని, నమలకుండా మింగితే వచ్చింది వచ్చినట్టే పోతుంది గనుక వేయించి దంచితేనే ఒంటపడుతుందని.

అందరూ తలలూపారు. వెనక వరసలో ఒకావిడ మాత్రం ఊపలేదు.

"బాగానే చెప్పారు బూబమ్మగారూ," అంది. ఆ వైపు ఊళ్ళలో మా ఆడవాళ్ళని బూబమ్మ అనే పిలుస్తారు, నాకది ఇష్టం. "తినమంటే తింటాం. నువ్వులెక్కడున్నయ్యండీ? అవి పండే చేలన్నీ చేపల చెరువులైపోయినయ్యి. చేపలకి చెప్పండి, ఒకవేళ అయ్యేమన్నా తింటయ్యేమో."

వరండా అంతా నవ్వింది. మా సూపరింటెండెంటు గారు మైకు నా చేతిలోంచి తీసుకుని, "అందుకేనమ్మా విత్తనాలు ఉచితంగా ఇస్తున్నాం," అన్నాడు. అది ఆయన చెప్పాల్సిన మాటే. చెప్పాక ఆవిడ వైపు చూడలేదు.

ఆవిడ కౌలు రైతు. భర్త లేడు. ఆ ఊరి ఆసామి దగ్గర ఒక మెరక చేను కౌలుకు చేస్తోంది. మూడు వైపులా చెరువులు తవ్వేశారు. మధ్యలో ఆ చేనొక్కటి మిగిలింది. ఆసామి ఆవిడకు ఒక మాట చెప్పాడు: వరి తర్వాత ఈ వేసవిలో ఆ చేలో ఇంకో పంట తీసి చూపిస్తే చేను ఆవిడ చేతిలోనే ఉంటుంది. తీయకపోతే పొక్లెయిన్ దిగుతుంది, నాలుగో చెరువు పడుతుంది. ఆ చేను పోతే ఆ ఊళ్ళో ఆవిడకు చేయడానికి పని లేదు. చెరువుల మీద మేత వేసే పనికి మగవాళ్ళనే పెట్టుకుంటున్నారు. ఇదంతా విత్తనాలిచ్చిన రోజున గట్టు మీద నిలబడి నాతో చెప్పింది. ఏడుపు గొంతుతో చెప్పలేదు. ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు చెప్పింది.

నేను విత్తనాల పొట్లం చేతికివ్వబోయాను. ఆవిడ చేతులు వెనక్కి తీసుకుంది.

"కింద పెట్టండి బూబమ్మగారూ. నువ్వులు చేతికి తీసుకోకూడదు."

"ఏం?"

"గొడవలొస్తయ్యంటారు. అదే శనివారమైతే మరీనూ. ఇచ్చినోళ్ళకున్న శని పుచ్చుకున్నోళ్ళకి పట్టుద్ది. గుళ్ళో నువ్వులు దానం పట్టడానికి బ్రాహ్మలే వెనకాడతారు, నేనెంత."

"నాకు శని లేదమ్మా. మా లెక్కలో ఆయన లేడు."

"మీకు లేకపోయినా నువ్వులకి తెలవదు కదండీ," అంది.

పొట్లం గట్టు మీద పెట్టాను. తీసుకుంది. నాకు వింతగా అనిపించింది గానీ ఎగతాళి చేయబుద్ధి కాలేదు. ఎవరి భయం వాళ్ళకు ఏదో ఒక మర్యాద నేర్పుతుంది. భయం లేనివాళ్ళలో మర్యాద ఎంతుందో మా ఆఫీసులో రోజూ చూస్తున్నదాన్నే.

విత్తనాన్ని ఇసుకలో కలిపి చల్లింది. మొలక పలచగా వచ్చిన చోట ఒప్పుకోలేదు, మళ్ళీ చల్లింది. ఒత్తుగా ఉన్న చోట పీకింది. నువ్వు నీళ్ళు తక్కువ తాగే పంట, నిలబెడితే చస్తుంది. చుట్టూ చెరువుల్లోంచి ఊట రాకుండా గట్ల పక్కన తానే కాలవ తీసింది. వెర్రి తెగులు వచ్చిన మొక్కల్ని వచ్చినవి వచ్చినట్టు లాగి పారేసింది. నేను ఆ వైపు వ్యాను వెళ్ళినప్పుడల్లా దిగి చూసేదాన్ని. పూత పట్టినప్పుడు తెల్లటి పూలతో ఆ చేను ఒక్కటీ, చుట్టూ బురద రంగు నీళ్ళు. అల్లా దయ, కాయ నిండుగా దిగింది.

సరిగ్గా అప్పుడే మా పెద్దసారుకు ఆ చేను సంగతి తెలిసింది.

జిల్లాలో మేం పంచిన విత్తనాల్లో సగం పొట్లాలు ఇళ్ళల్లో పోపుల డబ్బాల్లోకి పోయాయి. చల్లినవాటిలో బాగా వచ్చింది ఆవిడ చేను. ఇంకేముంది, అక్కడ పెద్ద సభ అన్నారు. సారు స్వయంగా కొడవలి పట్టి కోత మొదలుపెడతారు, పత్రికలవాళ్ళు వస్తారు, షామియానా, కుర్చీలు. ఒక రోజు అనుకున్నారు. ఆ రోజు సారుకు మీటింగు పడింది. తర్వాతి వారం శనివారానికి మార్చారు.

సూపరింటెండెంటు గారు నన్ను పిలిచాడు. "మేడమ్, మీరు వెళ్ళి ఆవిడకు చెప్పి రండి. సారు వచ్చేదాకా ఒక్క మొక్క కూడా కోయొద్దని."

"కింది కాయలు పసుపు తిరిగాయి సార్. మొన్న చూశాను. అంతవరకూ ఆపితే పగిలి గింజంతా నేలపాలవుతుంది."

"తెలుసమ్మా. నాకు తెలీదా? మా నాన్న నువ్వు పండించినవాడే."

"మరి సారుకి చెప్పకపోయారా?"

"సారుకీ తెలుసు. మనం పంచిన కరపత్రంలో ఉంది, ఆకులు రాలి కింది కాయలు పసుపు తిరగ్గానే కోయాలని. కింద సంతకం ఆయనదే."

"మరి?"

"మరేముంది. డేటు ఇచ్చేశారు."

ఇదీ మా ఆఫీసు. తెలియక చేసే తప్పును దేవుడు క్షమిస్తాడంటారు. అక్కడ తెలియనివాడు ఒక్కడూ లేడు. పెద్దసారుకు తెలుసు, సూపరింటెండెంటుకు తెలుసు, వ్యాను డ్రైవరుకు తెలుసు, టీ తెచ్చే ఆయనకు తెలుసు. నువ్వు కాయకే తెలియలేదు, సారుకు మీటింగు పడిందని.

వెళ్ళాను. చేలోకి అడుగుపెట్టేసరికి మెరక వైపు మొక్కల్లో అప్పటికే అక్కడక్కడా కాయలు నోళ్ళు తెరిచి ఉన్నాయి. ఆవిడ కొడవలి నూరుకుని, బరకం పరుచుకుని సిద్ధంగా ఉంది. చెప్పమన్నది చెప్పాను.

ఆవిడ ఒక మొక్కను పట్టుకుని నెమ్మదిగా వంచింది. గింజలు జలజలా రాలాయి.

"మీ సారు తీరుబడి చూసుకుని వచ్చేదాకా ఇయి ఆగుతయ్యా?"

"ఆగవు."

"ఆసామి రోజూ పొద్దున గట్టు మీదికొచ్చి చూసిపోతన్నాడు. బస్తాలు కనబడితేనే మాటండీ. పువ్వులు చూపిచ్చి చేను నిలబెట్టుకోలేను."

"తెలుసు."

"మరేం చేయమంటారు నన్ను?"

"కోయొద్దని చెప్పమన్నారు. చెప్పాను. నా ఉద్యోగం అయిపోయింది," అన్నాను. "ఇంకో కొడవలి ఉందా?"

ఆవిడ నా వైపు చూసింది. తర్వాత రోడ్డు వైపు చూసింది.

"మీ సారు కారు ఏ పక్క ఆగుద్ది?"

"రోడ్డు మీద. ఇంకెక్కడ?"

"దిగి చేలోకొస్తాడా?"

"బూట్లేసుకుంటాడు."

"అయితే రోడ్డెంట ఇంత పట్టీ, ఇటు గట్టెంట ఇంత పట్టీ ఉంచేద్దాం. కళ్ళకి కావలసింది కళ్ళకి, కడుపుకి కావలసింది కడుపుకి."

మర్నాడు సెలవు పెట్టి, డ్రైవరును బతిమాలి, తెల్లవారకముందే వచ్చాను. అతను అప్పటికే వ్యాను ఆటోనగర్ షెడ్డులో ఉందని ఆఫీసులో చెప్పేశాడు. ఆ వ్యాను గురించి ఎవరు ఏం చెప్పినా నమ్మేవాళ్ళు. గట్టు మీద గోనెసంచీ పరుచుకుని ఫజర్ నమాజు చదువుకున్నాను. ఆవిడ తూర్పు తిరిగి దండం పెట్టుకుంది. ఊళ్ళోంచి ఇంకొందరు ఆడవాళ్ళు వచ్చారు. మంచు తడి ఉండగా కోస్తే కాయ నోరు విప్పదు, ఎండెక్కేలోగా అయిపోవాలి. కోసినవి కోసినట్టు కట్టలు కట్టి, గడ్డివాము వెనక బరకాల మీద నిలబెట్టాం. ఎండాక ఒక్కో కట్టనూ తల్లకిందులు చేసి దులిపితే చాలు, నల్లటి వాన.

"బూబమ్మగారు సర్కారు ఉద్యోగం చేస్తా సర్కారు పంటే దొంగతనం చేస్తన్నారు," అంది ఒకావిడ నడుం నిమురుకుంటూ.

"దీన్ని దొంగతనం అనరు. ముందస్తు ఏర్పాట్లు అంటారు. మా ఆఫీసు భాష," అన్నాను.

శనివారం వచ్చింది. షామియానా వేశారు. రోడ్డు మీంచి చూస్తే చేను నిండుగానే ఉంది. పట్టీ వెనక ఏముందో కనబడదు. ఆ పట్టీలో నిలబడ్డ మొక్కలకు కాయలన్నీ పగిలి, లోపల గింజ లేదు. మొక్కలు మాత్రం చక్కగా నిటారుగా ఉన్నాయి. ఆ పూట అక్కడికి వచ్చినవాళ్ళకు తగ్గట్టు ఉన్నాయి.

పెద్దసారు కొడవలి పట్టాడు. నాలుగు మొక్కలు కోశాడు. చప్పట్లు. అప్పుడు ఫోటోలు తీసే అతను, "సార్, ఒక్కసారి చేను మధ్యలోకి వెళ్దామా? చుట్టూ పంట, మధ్యలో మీరు," అన్నాడు. సారుకు అది నచ్చింది. ప్యాంటు అంచులు మడిచాడు.

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ కొంగు నోటికి పెట్టుకుంది. షామియానా కింద మొదటి వరసలో ఆసామి కూర్చుని ఉన్నాడు. సూపరింటెండెంటు దారి చూపించడానికి ముందు నడిచి, పట్టీని చేత్తో పక్కకు తప్పించి లోపలికి చూశాడు. మొదళ్ళు తప్ప ఏమీ లేవు. ఆయన మొక్కల్ని మళ్ళీ దగ్గరకు చేర్చాడు. వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. ఆ చూపు ఎంతసేపుందో నాకు తెలియదు. నేను చదివిన ఖురాన్ ఆయతులన్నీ అప్పుడే ఒక్కసారి చదివేశాను.

"వద్దు సార్," అన్నాడు ఆయన. "లోపల నిన్ననే మందు కొట్టారంటండీ. మీకు డస్టు ఎలర్జీ కదా."

సారు ప్యాంటు అంచులు దించాడు.

ఆ మనిషి ఉద్యోగమంతా ఔను సార్ అంటూ గడిపినవాడు. ఆయన మీద నాకు గౌరవం ఉండేది కాదు, ఈ రోజుకీ పెద్దగా లేదు. కానీ ఆ ఒక్క అబద్ధానికి నమాజు తర్వాత చేసుకునే దువాలో ఆయన పేరు ఉంటుంది. పై అధికారి నుంచి కాయలు కాపాడలేని మనిషి కనీసం కోసినవాటిని కాపాడాడు.

చేలోకి వెళ్ళే ఫోటో పోయింది గనుక ఇంకోటి కావాలి. సారుకు ఆలోచన వచ్చింది. "ఇప్పుడే కోసిన నువ్వులు ఆమె నా చేతుల్లో పోస్తుంది. రైతు నుంచి ప్రభుత్వానికి." కోసిన నువ్వు మొక్కలోంచి అప్పటికప్పుడు గింజలు రావు, కట్టలు ఎండాలి. కరపత్రంలో అదీ ఉంది. ఆవిడ మాత్రం మారు మాట్లాడకుండా గడ్డివాము వెనక్కి వెళ్ళి, చాటనిండా నువ్వులు తెచ్చి నా ముందు నేల మీద పెట్టింది. చాట నేనే ఎత్తి పట్టుకున్నాను. దులిపి, చెరిగిన గింజలు, మెరిసిపోతున్నాయి.

"కోసిన వెంటనే ఇంత శుభ్రంగా వస్తాయా?" అన్నాడు సారు.

"మీ చేతి చలవండీ," అంది.

సూపరింటెండెంటు గారి మొహం పాలిపోయింది. ఆయన శనివారాలు ఉపవాసం ఉండే మనిషి. సారు దగ్గరకు వంగి, "చాటతోనే అందుకుంటే బాగుంటుందేమో సార్. ఇవాళ... శనివారం..." అన్నాడు.

"శనివారమైతే? చాట వద్దండీ. చేతుల్లో పోస్తేనే ఎమోషన్ ఉంటుంది."

సారు ఎక్కడో పరాయి రాష్ట్రంలో పుట్టినవాడు కాదు. గోదావరి అవతల పుట్టి పెరిగినవాడే. ఇంట్లో వాళ్ళమ్మ నువ్వులు చేతికిచ్చి ఉండదు. ఆయనకు తెలియక కాదు, కెమెరా ముందు గుర్తు రాలేదు. దోసిలి పట్టాడు.

ఆవిడ నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. నాకు ఆ నమ్మకం లేదు. మంచీ చెడూ ఒక్కడి దగ్గరనుంచే వస్తాయని నమ్మేదాన్ని. కానీ ఆవిడకు ఉంది. ఎన్నడూ ఎవరి చేతిలోనూ నువ్వుగింజ పెట్టని మనిషి, నా చాటలోంచి రెండు చేతులా తీసి, ఆయన దోసిట్లో నెమ్మదిగా పోసింది.

"గట్టిగా పట్టండి బాబుగారూ. ఒక్క గింజ కింద పడకూడదు. అంతా తమకే."

షామియానా వెనక ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఆసామి దగ్గాడు. ఫోటో తీశారు. మీరు గోడ మీద చూసింది అదే.

గడ్డివాము వెనక బస్తాలు ఆసామికి ఆ సాయంత్రమే చూపించింది. మాట నిలబెట్టుకోవాలా వద్దా అని ఆయన ఇంకా ఆలోచిస్తూ ఉండగానే, ఆయన భార్య కౌలు కింద తమ వాటాకొచ్చిన నువ్వులు గానుగకు పంపి ఆవకాయకు పప్పునూనె ఆడించుకుంది. జాడీలో ఈ నూనె ఏడాది తిరిగినా వాసన పట్టదంది. సొంత చేలో నూనె ఉండగా చెరువు తవ్వితే ఊరుకోనంది. ఆసామి మాట గట్టు దాకానే, ఇంట్లో మాట భార్యది. పొక్లెయిన్ రాలేదు.

పెద్దసారుకు ఏమైందని మీరు అడుగుతారు. ఏమీ కాలేదు. కొన్నాళ్ళకు ఇంకా పెద్ద కుర్చీకి బదిలీ మీద వెళ్ళాడు. నువ్వుల పథకం ఆయనతో పాటే వెళ్ళిపోయింది. మరుసటి ఏడు మమ్మల్ని చిరుధాన్యాలు చెప్పమన్నారు. ఆ సంగతి చెప్పడానికి వెళ్ళి, "నీ శని ఆయనకు పట్టలేదమ్మా, ప్రమోషన్ వచ్చింది," అన్నాను.

"జిల్లా దాటాడా లేదా?"

"దాటాడు."

"ఇంకేం కావాలండీ," అంది.

ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర కొట్లలో నువ్వుల ముద్దను గాజు సీసాలో పెట్టి, విదేశీ పేరు రాసి అమ్ముతున్నారు. మా వీధి పిల్లలు కొని తెచ్చి, "ఆంటీ, దీంట్లో కాల్షియం ఎంతో తెలుసా" అని నాకు పాఠం చెబుతున్నారు. విని, తల ఊపుతాను. ఆ వరండాలో ఆడవాళ్ళు నా పాఠం విన్నారు కదా. ఆ బాకీ ఇలా తీరుతోంది.

ఆవిడ ఇప్పటికీ ఆ చేను చేస్తోంది. ప్రతి వేసవీ పంట దులపగానే బస్సెక్కి మా ఇంటికి వస్తుంది, ఒక సంచీలో నల్ల నువ్వులతో. మొన్న వేసవిలో కూడా వచ్చింది. గుమ్మంలో నిలబడి చెప్పులు విడుస్తూ, మోకాళ్ళు పట్టుకుని ఆయాసపడుతోంది. వంగలేకపోతోందని నేనే ఎదురు వెళ్ళి చేతులు చాచాను.

"ఇటివ్వు. నాకు శని లేదని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

ఆవిడ ఇవ్వలేదు. గుమ్మానికి ఆనుకుని, ఒక చేత్తో మోకాలు పట్టుకుని, మెల్లగా మెల్లగా వంగి, సంచీని నా కాళ్ళ దగ్గర నేల మీద పెట్టింది.

"మీకు లేకపోతే నాకుందిగా బూబమ్మగారూ," అంది. "చేతికిచ్చేది ఇంకోళ్ళకి. ఇక తీసుకోండి."